కనుమ దాటి వెళ్ళేవారి పాట

మన ఆలంకారికులు విప్రలంభాన్ని విభజించినపుడు ప్రవాసానికి ప్రత్యేకంగా చోటిచ్చారు. నాయకుడు దేశాంతరం వెళ్తాడు, నాయిక ఎదురుచూస్తుంది. తిరిగి వస్తాడన్న ఆశ అందులో ఎక్కడో మిణుకుమంటూనే ఉంటుంది. మరి రాడని తెలిశాక పాడే పాట ఎలా ఉంటుంది? కొరియావారి జానపదగీతం 'అరిరంగ్' విన్నపుడల్లా నాకీ ప్రశ్న ఎదురౌతుంది.

అందులో కథ అంటూ పెద్దగా లేదు. ప్రియుడు ఆమెను విడిచి కనుమ దాటిపోతున్నాడు. ఆమె వెంటపడదు, బతిమాలదు. పది 'లీ'లు, అంటే సుమారు నాలుగు కిలోమీటర్లు, నడవకముందే అతని పాదాలు నొప్పెట్టాలని మాత్రం అనుకుంటుంది. ఎంత చిన్న శాపం! నొప్పికి ఆగిపోతాడనా, వెనుదిరుగుతాడనా, తన బాధలో రవ్వంత అతనికీ తెలియాలనా? మూడూ అందులో ఇముడుతాయి. వదులుకోవాలంటే క్షమించి తీరాలన్న నియమం ఈ పాటకు లేదు. నాకు నచ్చినది అదే. (ప్రియుడు, ఆమె అన్నది వాడుకను బట్టి నేను చెప్పుకుంటున్న మాట. మూలంలోని 'నిమ్' అన్న పదం స్త్రీపురుషులిద్దరికీ చెల్లుతుంది.)

ఇది ఒక్క పాట కాదు, ఒక కుటుంబం. సుమారు అరవై రకాలు, 3,600 పాఠాంతరాలు ఉన్నాయని అంచనా. కొండప్రాంతమైన జొంగ్‌సొన్‌లో పాడే అరిరంగ్‌కు ఒక ఐతిహ్యం ఉంది: ఔరాజి రేవుకు ఇరువైపులా ఇద్దరు ప్రేమికులు, రాత్రికి రాత్రి వచ్చిన వరద, కదలని పడవ. అక్కడ విడదీసినది కనుమ కాదు, ఏరు. హల్బర్ట్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు 1896లో అరిరంగ్‌ను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేస్తూ, కొరియన్లకు భోజనంలో అన్నం ఎటువంటిదో పాటల్లో ఇది అటువంటిదన్నాడు.

నేడు లోకమంతా ఎరిగిన వరుస మాత్రం ఒక సినిమాతో స్థిరపడింది. జపాను పాలనలో, 1926లో, నా ఉన్‌గ్యు తీసిన మూకీచిత్రం పేరు కూడా 'అరిరంగ్'. మతి చలించిన విద్యార్థి ఒకడు హత్య చేస్తాడు. తెలివి వచ్చేసరికి చేతులకు సంకెళ్ళుంటాయి. పోలీసులు అతణ్ణి కనుమ దాటిస్తూండగా ఊరివారు ఈ పాట అందుకుంటారు. ఆ చిత్రం ప్రతి ఒక్కటీ మిగలలేదు. పాట మిగిలింది.

కాని అర్థం తలకిందులైంది. అంతవరకు వెళ్ళేవాడు ద్రోహి, పాడేది మిగిలిపోయిన మనిషి. ఇప్పుడు వెళ్ళేవాడు నిర్బంధితుడు; అతని పాదాలు నొప్పెట్టాలని ఎవరు కోరుకుంటారు? 1937లో స్టాలిన్ రష్యా తూర్పుకొసనున్న సుమారు 1,70,000 మంది కొరియన్లను రైళ్ళలో కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌లకు తరలించాడు. అక్కడ కూడా అరిరంగ్ పాడుకున్నారు. కనుమ దాటినవారే పాడుకునే పాట అయిందది.

తర్వాత దేశం రెండైంది. 1991లో చిబాలో జరిగిన ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలకు ఉభయ కొరియాలు ఉమ్మడి జట్టును పంపినపుడు జాతీయగీతం స్థానంలో వినిపించినది అరిరంగే. యునెస్కో జాబితాలో మాత్రం దక్షిణ కొరియా 2012లో, ఉత్తర కొరియా 2014లో దానిని వేర్వేరుగా నమోదు చేయించుకున్నాయి.