తెర మీది మనిషిని యంత్రం ఎలా పోల్చుకుంది?

పింఛను కాగితాలు తయారు చేసిన మిత్రులకు తెలుసు, మనిషిని నిర్ధారించడానికి ఒక్క ఫొటో చాలదు. జంట ఫొటో, నమూనా సంతకాలు, వేలిముద్రలు, పుట్టుమచ్చల వివరం అన్నీ జతపరచవలసిందే. ఒకదానిలో అనుమానం వస్తే మరొకటి సాక్ష్యం పలుకుతుంది. టెలివిజన్‌లో కనిపించే మనిషి ఎవరో యంత్రం చేత చెప్పించబోయిన శాస్త్రజ్ఞులు చివరకు చేరుకున్నది కూడా ఈ సూత్రానికే.

1960 దశకంలో అమెరికాలో వుడీ బ్లెడ్సో ఈ పనికి నాంది పలికారు. ఫొటోలో కళ్లు, ముక్కు, నోరు ఎక్కడున్నాయో మనుషులు గుర్తుపెట్టి ఇస్తే, యంత్రం ఆ దూరాలను పోల్చి చూసేది. 1973లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో తకేవో కనాడే, ఆ గుర్తులను కూడా యంత్రమే పట్టుకునే విధానం చూపించారు. అయితే అవి కదలని ఫొటోలు. టీవీలో మనిషి తల తిప్పుతాడు, వెలుతురు మారుతుంది. పైగా ముఖం దొరికినా పేరు ఎవరు చెప్పాలి?

1990 దశకంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సాటో, కనాడే కలిసి 'నేమ్ ఇట్' పద్ధతి రూపొందించారు. వార్తల పాఠంలో వచ్చే పేరుతో ఏ ముఖం పదేపదే జతపడుతున్నదో యంత్రం లెక్క కట్టేది.

2006లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఎవరింగ్‌హామ్, సివిక్, జిస్సర్‌మన్ 'బఫీ' అనే అమెరికన్ సీరియల్ మీద మరో ఉపాయం చేశారు. సబ్‌టైటిల్స్‌లో మాట ఏ క్షణాన వచ్చిందో ఉంటుంది, పలికినది ఎవరో ఉండదు. స్క్రిప్టులో పాత్ర పేరు ఉంటుంది, సమయం ఉండదు. రెండింటినీ సరిపోల్చితే ఎవరు, ఎప్పుడు మాట్లాడారో తేలింది. తెర మీది ముఖానిదే ఆ మాటా అన్నది పెదవుల కదలిక చెప్పింది. ముఖం సరిగా కనబడనప్పుడు కట్టుకున్న బట్టలు ఆధారమయ్యాయి. అటు తరువాత ఫ్రాన్సులో 'రెపేర్' పోటీలలో ముఖానికి తోడు కంఠస్వరాన్నీ, తెర మీద వేసే పేరునూ కలిపి పరీక్షించారు.

ఈ చరిత్రతో మనకేమి పని? 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. వేలిముద్రతోనో, కంటిపాపతోనో మనం బతికే ఉన్నామని రుజువు చేసుకునే వీలు కలిగింది. వయసు మీద పడి వేలి గీతలు అరిగినవారికి యంత్రం దగ్గర చిక్కే. 2021 నవంబరులో ముఖం చూపే పద్ధతి కూడా తోడయింది.

కనుక మిత్రులారా, ఒక ఆనవాలు సరిపడనంత మాత్రాన మనిషి లేనట్టు కాదు. వేలు పనికిరాకపోతే ముఖం, అదీ కుదరకపోతే స్వయంగా వెళ్లి కాగితం మీద సంతకం. ఇంట్లో పిల్లలు ఈ మాట గుర్తుంచుకుని, పెద్దవారి పక్కన నిలబడి ఆ పని సకాలంలో చేయించాలని మనవి.