కాశ్మీరమున కతిథిగా వచ్చిన మత్స్యము

మన కృష్ణా గోదావరీ తీరములందు గాలము వేయువారు ఎఱ గ్రుచ్చి, బెండు మునుగువఱకు కాచుకొనియుందురు. కాశ్మీరమందలి లిద్దరు నదియొద్ద వేఱొక విధమైన వేట కలదు. అచట గాలమునకు ఎఱ యుండదు. ఈకలతోను పట్టుదారముతోను కట్టిన ఈగబొమ్మ మాత్రమే యుండును. దానిని జూచి మోసపోవు చేప పేరు ట్రౌటు. ఈ చేప ఆ దేశమున బుట్టినది కాదు. అది యెట్లు వచ్చెనో, యెట్లు నిలిచెనో మనవి చేసెదను.

చేపవేట రాజవినోదమగుట మనకు క్రొత్త కాదు. కల్యాణ చాళుక్యప్రభువగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదము వర్ణితమైయున్నది. ఈగబొమ్మతో పట్టుటయు ప్రాచీనమే. సుమారు 1800 ఏండ్ల క్రిందట ఈలియను అను గ్రంథకర్త, మాసిడోనియా ప్రజలు ఎఱ్ఱని ఉన్నిని, కోడియీకలను గాలమునకు జుట్టి చేపలు పట్టుదురని వ్రాసెను.

ఆంగ్లేయులు తమ దేశపు ట్రౌటును హిమాలయ జలములలో వేటాడగోరిరి. బ్రతికిన చేపను సముద్రము దాటించుట దుష్కరము గనుక గ్రుడ్లనే తెప్పించిరి. 1899లో బెడ్‌ఫర్డు ప్రభువు కానుకగా బంపిన 10,000 గ్రుడ్లు త్రోవలోనే నశించెను. 1900 సంవత్సరాంతమున స్కాట్లండునుండి మరల దెచ్చినవి బ్రతికెను. శ్రీనగరమున తివాచీల కార్ఖానా నడపిన ఫ్రాంకు మిచెల్ అనునతడు వాని పోషణకు పూనుకొనెను. పిదప హార్వనులో పిల్లలను బెంచి నదులలో విడిచిరి.

ఈ చేపకు చల్లదనమే ప్రాణము. చల్లని గ్రుడ్డు మెల్లగా పెరుగును గనుకనే దూరప్రయాణమునకు తాళును. పెద్దచేపకును నీటివేడిమి సుమారు 20 డిగ్రీలు దాటినచో బాధ కలుగును. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగదా! కల్హణుడు లేదరి యని పేర్కొన్న ఆ లిద్దరు నదికి కొలాహోయి పర్వతపు మంచునీరు చేరును. ఆ నీటిలో రాళ్ళక్రింద నెలల తరబడి పెరిగిన పురుగులు వేసవిలో రెక్కలు దాల్చి పైకివచ్చి, ఒకటి రెండు దినములలో గతించును. వానికై ట్రౌటు నీటిమీదికి లేచును. వేటకాడు తన ఈగబొమ్మను ఆ వేళకే నీటిపై తేలవిడుచును.

అతిథి రాకచే స్థానిక మత్స్యములకు ఆహారమున పోటీ గలిగెననుటయు మఱువరాదు. ఇపుడు ఇరువురికిని ఒకే భయము. కొలాహోయి హిమరాశి గత శతాబ్దమునుండి క్షీణించుచున్నది. గ్రుడ్లు పోయినపుడు మరల తెప్పింపగలిగిరి. కొండమీది మంచును ఏ దేశమునుండి తెప్పింతురు? నదిలోని ప్రాణిని కాపాడగోరువారు ముందుగా నది జన్మస్థానమును కాపాడవలెను.