మాంసకృత్తులు

దొరవారిసత్రం బడిలో పాఠం 'మాంసకృత్తులు' అంటుంది. నెల్లూరు తీరంలో రొయ్యల మేత బస్తా కొనే రైతు మాత్రం 'ప్రోటీన్ ఎంత శాతం?' అనే అడుగుతాడు.

సంస్కృతంలో 'కృత్' అంటే చేసేది. ఒంట్లో కండ కట్టించేది మాంసకృత్తు. కందిపప్పులో ఉన్నదానికి ఆ పేరేమిటని శాకాహారులు ముఖం చిట్లించనక్కర్లేదు.

'ప్రోటీన్' మాటను స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్ సూచించగా 1838లో డచ్చి రసాయనవేత్త ముల్డర్ వాడుకలోకి తెచ్చాడు. గ్రీకులో దాని మూలానికి 'అగ్రస్థానంలో ఉన్నది' అని అర్థం. 1994లో మార్క్ విల్కిన్స్ అనే శాస్త్రవేత్త దానికి 'జీనోమ్' (ఒక జీవి జన్యుపదార్థమంతా) తోక తగిలించి 'ప్రోటియోమ్' చేశాడు: ఒక జీవి తయారుచేసే ప్రోటీన్లన్నీ కలిపి.

అన్నిటినీ ఒక్కసారే గుర్తుపట్టేదెలా? ముందు ట్రిప్సిన్ అనే ఎంజైముతో ముక్కలు చేస్తారు. అది ఎక్కడపడితే అక్కడ కోయదు, అమైనో ఆమ్లాలైన లైసిన్, ఆర్జినిన్‌ల తర్వాతే తెంచుతుంది. ఆ ముక్కల్ని మాస్ స్పెక్ట్రోమీటరు తూస్తుంది. వచ్చిన బరువుల్ని కంప్యూటరు జన్యువుల పట్టికతో సరిచూస్తుంది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం‌లోని అఖిలేశ్ పాండే బృందం, బెంగళూరు శాస్త్రవేత్తలతో కలిసి 2014లో ఇలాగే 17,294 మానవ జన్యువుల ప్రోటీన్లను పట్టుకుంది.

'మాంసకృత్సముదాయం' అని తెలుగు చెయ్యొచ్చు గానీ, పలికేవాళ్లేరీ? ప్రోటియోమే నయం.