మైకు పెట్టెలో ఎవరి చేతులు?

పోయిన ఎండాకాలం కుల్కచర్లలో మా పాత ఇల్లు విప్పుతుంటే అటక మీంచి ఒక ఇనుప పెట్టె దిగింది. బూజు దులిపి చూస్తే మా చిన్నాయన మైకు సెట్టు ఆంప్లిఫయర్. ముందు వైపు నాలుగు తిప్పుడు గుండీలు, ఒక ఎర్ర దీపం. వెనక జాలీలోంచి గాజు వాల్వులు కనపడుతున్నాయి. మా తమ్ముడి కొడుకు హైదరాబాద్‌లో చదువుతూ గిటార్ నేర్చుకుంటున్నాడు. వాడి సంతోషం చూడాలి! "అత్తా, ఇది వాల్వు ఆంప్! గిటార్ పెడితే ఆ సౌండే వేరు. ఇట్లాంటి వాటి కోసం జనం వెతుక్కుంటున్నరు" అన్నాడు. మా తమ్ముడు కూడా పనులు పక్కన పెట్టి చిన్నాయన జ్ఞాపకాల్లో పడిపోయాడు. వేపచెట్టుకు గొట్టం కట్టడం, పెళ్లిళ్లలో తెల్లవారుజామున మొదటి పాట వేయడం, పాంబండకు బండి మీద సెట్టు తీసుకుపోవడం... ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు.

అమ్మ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నీకేం యాదికొస్తుంది అమ్మా అని అడిగాను.

"నాకేం యాది బిడ్డా? ఆ పెట్టె ఉన్న అర్రలకు మమ్ముల రానిస్తే గద. దాని మీది దుమ్ము గూడ మీ చిన్నాయననే తుడుచుకునేటోడు. ముట్టకుండ్రి, షాకు కొడ్తది అనేటోడు."

ఇల్లంతా తుడిచే మనిషికి తుడవడానికి వీల్లేని వస్తువు అది ఒక్కటే! పాత శబ్ద యంత్రాల మీద ఇప్పుడు కనపడుతున్న మోజు గురించి ఆలోచించినప్పుడల్లా అమ్మ అన్న ఈ మాటే అడ్డం వస్తోంది. జ్ఞాపకం అందరిదీ ఒకటి కాదు. గుండీ తిప్పిన వాళ్ల జ్ఞాపకం వేరు, దూరం నుంచి విన్నవాళ్ల జ్ఞాపకం వేరు. మనం చరిత్ర అనుకుంటున్నది ఎక్కువగా మొదటిదే.

అసలు ఆ పెట్టెలో ఏముంది? వాల్వు అంటే గాలి తీసేసిన గాజు గొట్టం. లోపల కాథోడ్ వేడెక్కితే ఎలక్ట్రాన్లు ప్లేటు వైపు పోతాయి. మధ్యలో సన్నని తీగలతో అల్లిన జల్లెడ ఉంటుంది. మైకులోంచి వచ్చిన చిన్న విద్యుత్తు ఆ జల్లెడ మీద పడి పెద్ద ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. గుసగుస కేకగా మారేది అక్కడే. అమెరికాలో లీ డి ఫారెస్ట్ 1906లో ఈ మూడో తీగను చేర్చాడు. 1915లో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ కాలిఫోర్నియాలో గొట్టం స్పీకరుతో బహిరంగ సభకు గొంతు వినిపించారు. మన దేశంలో 1940లో ఢిల్లీలో మొదలైన అహుజా కంపెనీ పేరు మైకు సెట్టుకే మారుపేరు అయిపోయింది. 1947లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టాక వాల్వులు మెల్లగా వెనకబడ్డాయి. వేడి లేదు, బరువు లేదు, పగిలే గాజు లేదు. అయినా గిటార్ వాయించేవాళ్లు మాత్రం వాల్వును వదల్లేదు. శక్తికి మించి గుండీ తిప్పినప్పుడు వాల్వు శబ్దం ఒక్కసారిగా తెగిపోకుండా మెల్లగా బొంగురుపోతుంది. ఇంజనీర్లు లోపం అన్నదాన్ని వాళ్లు స్వరం చేసుకున్నారు. అందుకే మన పాత పెళ్లి మైకులకూ ఇప్పుడు మర్యాద పెరిగింది.

ఇంతవరకూ చెప్పిన చరిత్రలో ఒక్క ఆడమనిషి కూడా లేదు, గమనించారా? నిజంగా లేక కాదు. పెట్టె విప్పి చూస్తే కనపడతారు.

అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950లలో చేసిన ఆంప్లిఫయర్లకు ఇవాళ బంగారం ధర. వాటి లోపల ఒక చిన్న కాగితపు టేపు ముక్క, దాని మీద చేత్తో రాసిన ఒక ఆడ పేరు ఉంటాయి. లిలీ అనో, ఇంకొకటో. తీగలు టంకం పెట్టి అతికిన మనిషి పెట్టుకున్న గుర్తు అది. గిటార్ తీగల కింద ఉండే పికప్‌కు వెంట్రుక లాంటి రాగి తీగను వేల చుట్లు చుట్టే పని అదే కంపెనీలో అబిగైల్ ఇబారా 1956లో మొదలుపెట్టింది. 2013లో రిటైరయ్యేనాటికి ఆమె చుట్టిన పికప్‌ల కోసం సంగీతకారులు వరసకట్టేవారు. కానీ ఎంతమంది గిటారిస్టుల పేర్లు మనకు తెలుసు, ఆమె పేరు ఎంతమందికి తెలుసు? ఇంగ్లండులో బ్లాక్‌బర్న్ అనే మగ్గాల ఊళ్లో మల్లార్డ్ కంపెనీ 1938లో ఫ్యాక్టరీ తెరిచింది. అక్కడ వాల్వుల లోపలి తీగలు కూర్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ వాల్వులు ఇప్పటికీ కొత్తవాటికంటే ఎక్కువ ధర పలుకుతాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో గిబ్సన్ గిటార్లు చేసింది కూడా కలమజూ ఊరి ఆడవాళ్లే. ఆ సంగతి 2012లో జాన్ థామస్ పుస్తకం వచ్చేదాకా చాలామందికి తెలియనే తెలియదు.

ఆడవాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయి, ఓపిక ఎక్కువ, అందుకే ఈ పని ఇచ్చాం అనేవారు యజమానులు. వేళ్లకు పొగడ్త, చేతికి తక్కువ కూలి! ఫ్యాక్టరీలో ఆడమనిషి అతికిన తీగ, దుకాణం దాటి ఇంటికొచ్చేసరికి ఆడమనిషి ముట్టకూడనిది ఎట్లా అయింది? షాకు కొట్టడం అబద్ధం కాదు. వాల్వు పెట్టెలో వందల వోల్టులుంటాయి. ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలిచే ఉంటుంది. కానీ అది చిన్నాయననూ కొడుతుంది, అమ్మనూ కొడుతుంది. తేడా ఏమిటంటే ఆయనకు ఎవరో దాన్ని ఎట్లా ముట్టాలో నేర్పారు. అమ్మకు ముట్టవద్దని మాత్రమే నేర్పారు.

మైకు రాకముందు ఊళ్లో ఆడవాళ్లకు గొంతు లేదా? బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకోవడానికి ఏ పెట్టె కావాలి? మోటూరి ఉదయం 1940లలో ఆడవాళ్ల దళంతో బుర్రకథ చెప్పి వేలమందిని కూర్చోబెట్టింది. మైకు వచ్చాక పెద్ద శబ్దం వచ్చింది, నిజమే. కానీ అది ఎవరికి వచ్చింది? ఇప్పుడు చాలా ఊళ్లలో బతుకమ్మ పక్కనే డీజే బాక్సులు నిలబడుతున్నాయి. పాట పెట్టెలోంచి వస్తుంది, ఆడవాళ్లు దానికి అడుగులు వేస్తారు. ఎత్తుకునే గొంతు, కొత్త చరణం కట్టే గొంతు, కొంచెం కొంచెంగా వెనక్కు పోతోంది. పాత మైకు కోసం బెంగపడే మనం ఈ గొంతు కోసం ఎందుకు బెంగపడం?

యంత్రాలను తిట్టడం నా ఉద్దేశం కాదు. యంత్రం చేతికొస్తే ఏం జరుగుతుందో తెలంగాణ ఆడవాళ్లు రెండుసార్లు చూపించారు. స్త్రీశక్తి సంఘటన మిత్రులు టేపు రికార్డరు పట్టుకుని తెలంగాణ రైతాంగ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరకు వెళ్లారు. అట్లా విన్న మాటలే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అయ్యాయి. మైకు సెట్టు చెప్పేవాడిని పెద్ద చేస్తుంది. టేపు రికార్డరు ముందు మాత్రం ఒకరు వింటూ కూర్చోవాలి. ఆ కూర్చోవడమే అక్కడ రాజకీయం.

రెండోది మా జిల్లాకు పొరుగునే జరిగింది. అప్పటి మెదక్, ఇప్పటి సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు 1990ల చివరలోనే యునెస్కో సాయంతో రేడియో గది కట్టుకున్నారు. కానీ ప్రసారానికి లైసెన్సు లేదు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2002 చివరలో చదువుల సంస్థలకు అనుమతి వచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు అనుమతి 2006 నవంబరులో గానీ రాలేదు. అన్నేళ్లూ వాళ్లు ఊరికే కూర్చోలేదు. విత్తనాల గురించి, జొన్నల గురించి, పాటలు, రోగాలు, పండుగలు అన్నీ క్యాసెట్లలో నింపి సంఘం మీటింగుల్లో వేసి విన్నారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. దాన్ని నడిపిన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ ఇద్దరూ దళిత స్త్రీలే. గుండీలు తిప్పింది వాళ్లే, మాట్లాడింది వాళ్ల భాషలోనే. షాకు కొడుతుందని వాళ్లను ఎవరూ ఆపలేకపోయారు.

అందుకే పాత పెట్టెను మళ్లీ వాడటం మంచిదే అంటాను. చెత్తలో పడేయకుండా బాగుచేసుకోవడం మంచిదే. కానీ ఊరికే మెరుగుపెట్టి గదిలో అలంకారం చేస్తే పాత పెత్తనానికి కూడా మెరుగుపెట్టినట్టే. బాగుచేసేటప్పుడు ఈసారి చేతులు మారాలి.

మా ఇంట్లో ఆ మాట మీద కొంచెం గొడవే అయింది. చివరికి పాలిటెక్నిక్ చదివే మా తమ్ముడి కూతురు ముందు కూర్చుంది. రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన పక్కన నిలబడి చెప్పారు. ముందు కెపాసిటర్ల విద్యుత్తును ఎట్లా దించాలో, పాత కెపాసిటర్లు తీసి కొత్తవి ఎట్లా అతకాలో ఆమె నేర్చుకుంది. గొట్టం స్పీకర్ల లైనుకు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ కాబట్టి గిటార్ స్పీకరుకు నేరుగా తగిలించకూడదని కూడా తెలుసుకుంది. పని అయ్యాక కాగితపు టేపు మీద తన పేరు, తారీఖు రాసి పెట్టె లోపల అంటించింది. గిటార్ వాళ్ల అన్నదే. అదీ ఉండనీ.

మొదట గిటార్ కాదు, మైకు పెట్టారు. అమ్మను పిలిచారు. వాల్వులు వేడెక్కేదాకా ఎర్ర దీపం వైపే చూస్తూ నిలబడింది. తర్వాత ఒక ఉయ్యాలపాట సగం ఎత్తుకుని టక్కున ఆపేసింది. సిగ్గుపడిందేమో అనుకున్నాం.

"గింత గట్టిగెందుకు? పక్కింట్ల పసిపిల్ల పండుకున్నది" అంది.

చేయి చాచి, తానే గుండీ తిప్పి శబ్దం తగ్గించింది. తర్వాత పాట మళ్లీ ఎత్తుకుంది.