సింగ్‌భూమ్‌లో ఎవరి భూమి?

జుగ్సలాయి జంషెడ్‌పూర్‌ను ఆనుకున్న పట్నం. కానీ ఆ పేరు పొలాల్లోకీ వెళ్లింది: ఉక్కు నగరం చుట్టూ ఉన్న పల్లెల బ్లాకును గోల్మురి-కమ్-జుగ్సలాయి అంటారు.

ఈ బ్లాకు ఉన్న జిల్లా పేరు తూర్పు సింగ్‌భూమ్. ఇందులోని ‘భూమ్’ మనకు తెలిసిన భూమే, సంస్కృతం నుంచి వచ్చి చివరి అచ్చు జారవిడుచుకుంది. ఈ ప్రాంతమంతా అదే వరస: మాన్‌భూమ్, బరాభూమ్, బీర్‌భూమ్. ధాల్ రాజులు ఏలిన నేల ధాల్‌భూమ్.

మరి ‘సింగ్’ ఎవరు? పోరాహాట్ రాజ్యాన్ని ఏలిన సింగ్ వంశమని ఒక వాదం. హో ఆదివాసుల సూర్యదైవం సింగ్ బోంగా పేరని మరో వాదం. ధాల్‌భూమ్ లాంటి పేర్లను చూస్తే రాజుల వైపే మొగ్గు కనబడుతుంది. అయినా తరతరాలుగా ఆ నేలను దున్నినవారి మాటను పక్కన పెట్టడం న్యాయం కాదు.

1990లో పాత సింగ్‌భూమ్‌ను చీల్చి తూర్పు జిల్లా చేశారు. బ్లాకులు 11. పటమదా కూరగాయలు నగరం సంతలకు వస్తాయి. చాకులియా, బహరాగోడా వైపు వరి పొలాలు, సాల్ అడవులు.

నగరం మాత్రం పాత పేర్లు వదిలేసింది. 1919లో సాక్చీ జంషెడ్‌పూర్ అయింది. నల్లమట్టి అని అర్థమిచ్చే కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది. ఉక్కు పనికి వలసవెళ్లిన ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఆ ఊరు ఉత్త ‘టాటా’. అక్కడినుంచి ఖరగ్‌పూర్ రైలెక్కితే, ఘాట్‌శిలా దాటాక స్టేషను బోర్డు మీద ధాల్‌భూమ్‌గఢ్ అని ఉంటుంది.