కోలారు చిన్న బండి, మా మేనల్లుడి అట్ట రైలు

మా అక్క కొడుక్కి పదమూడేళ్లు. వాడి గదిలో గోడ మీద వాడే గీసుకున్న ఒక మ్యాపు ఉంది. యలహంక, దొడ్డజాల, దేవనహళ్లి, ఆవతిహళ్లి, నంది హాల్ట్, చిక్కబళ్లాపురం, శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం, కోలారు, బంగారుపేట. పేర్లన్నీ కన్నడలో రాసినాడు, ఎందుకంటే వాడికి తెలుగు అక్షరాలు రావు. నాకూ ఇరవై దాటినాకే వచ్చినాయి. నేను చదివింది కన్నడ మీడియం, ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగు. కాబట్టి ఈ రాతలో నోటి మాట, పుస్తకం మాట కలిసిపోయుంటే సర్దుకుని చదవండి.

వాడికి రైళ్ల పిచ్చి. అదీ వందే భారత్ లాంటి కొత్త రైళ్లు కాదు, ఎప్పుడో పోయిన చిన్న రైళ్లు. చిన్నప్పుడు కబ్బన్ పార్కులో బాలభవన్ పుటాణి రైలెక్కించినాం. ఆ తర్వాత మైసూరు రైలు మ్యూజియంకి తీసుకుపోయినాం. 1979లో మొదలైన ఆ మ్యూజియంలో మహారాణి ప్రయాణం చేసిన పెట్టె ముందర నిలబడి గంటసేపు కదల్లేదు. అప్పటినుంచి ఇదే లోకం. 'ఎనిమిదో క్లాసు మార్కులు చూడు, రైళ్లు చూడు' అని మా అక్క రోజూ గొణుగుతుంది. నేను వాడి పార్టీ.

ఒకసారి నేను ఆ కోలారు లైనుని 'టాయ్ ట్రెయిన్' అన్నాను. వాడికి కోపమొచ్చింది. 'మామా, మినియేచర్ రైలు వేరే, న్యారో గేజ్ వేరే. మినియేచర్ అంటే పెద్ద రైలుని కొలత పెట్టి చిన్నది చేసింది. ఇంగ్లాండులో రోమ్నీ, హైత్, డిమ్‌చర్చ్ రైలు 15 అంగుళాల గేజ్, 1927 నుంచి నడుస్తోంది. మనది బొమ్మ కాదు. మూటలు మోసింది, మనుషుల్ని మోసింది' అన్నాడు. వాడు చెప్పింది నిజమే. అందుకే ఆ లైను కథ ఒకసారి సరిగ్గా రాసిపెడదాం అనిపించింది.

రెండున్నర అడుగుల దారి

మన దేశంలో పెద్ద పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. మీటర్ గేజ్ అంటే 1,000. మా కోలారు బండిది రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. పెద్దదానిలో సగం కూడా లేదు. దారి చిన్నదైతే కట్టలు చిన్నవి, వంతెనలు చిన్నవి, పట్టాల బరువు తక్కువ, మలుపు గట్టిగా తిప్పొచ్చు. డబ్బు తక్కువున్న తాలూకాలకి రైలు రావాలంటే అదొక్కటే దారి.

ఈ కొలత మనకొక్కరికే కాదు. షోలాపూరు వైపు ఉండే మన పద్మశాలి కుటుంబాలవాళ్లకి బార్శీ లైట్ రైల్వే పేరు తెలిసే ఉంటుంది. ఎవరార్డ్ కాల్‌థ్రాప్ అనే ఇంజనీరు 1897లో దాన్ని మొదలుపెట్టినాడు. ఇంజనుగానీ పెట్టెగానీ, ఒక్కో ఇరుసు మీద 5 టన్నులకి మించి బరువు పడకుండా చేసినాడు. అట్లా చేస్తే పల్చటి పట్టాల మీద కూడా గట్టి బరువు లాగొచ్చని చూపించినాడు. తర్వాత ఆ లైను పండరిపురం దాకా పోయింది, లాతూరు దాకా పోయింది.

ఒడిశాలో ఉండేవాళ్లకి పర్లాకిమిడి రైలు. అక్కడి రాజావారు తమ ఊరిని మద్రాసు-హౌరా లైనుతో కలపడానికి నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా ఇదే రెండున్నర అడుగుల దారి వేయించినారు. 1900లో బండి నడిచింది, 1931కి గుణుపూర్ చేరింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు అది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటు మద్రాసులోనే ఉన్నాయి. మనుషులకి గీత గీసినారు గానీ, బండి మాత్రం ఎప్పటిలాగే గీత దాటి పోతూ వస్తూ ఉండింది. మనలాంటి ఇళ్లవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

మా లైను

బెంగళూరు కంటోన్మెంటుకి 1864లోనే జోలార్‌పేట వైపునుంచి పెద్ద రైలు వచ్చింది. ఆ దారిలో మైసూరు కమిషనర్ బౌరింగ్ పేరు పెట్టిన ఊరు బౌరింగ్‌పేట, ఇప్పటి బంగారుపేట. 1894లో అక్కడినుంచి బంగారు గనులకి, మారికుప్పం దాకా, ఒక కొమ్మ లైను వేసినారు. అంటే కింద గనులకి రైలుంది, పైన బెంగళూరుకి రైలుంది. జిల్లా ముఖ్య ఊరు కోలారుకి మాత్రం లేదు.

అది 1913లో వచ్చింది. బౌరింగ్‌పేట నుంచి కోలారుకి చిన్న బండి. ఇంకో పక్కనుంచి, బెంగళూరు-చిక్కబళ్లాపురం లైట్ రైల్వే అనే కంపెనీ పేరుతో, 1915లో యలహంక, దేవనహళ్లి మీదుగా ఇంకొక చిన్న లైను. మధ్యలో శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం కలిసి రెండూ ఒకటైనాయి. మొత్తం దాదాపు 150 కిలోమీటర్లు. అప్పుడు మైసూరు దివాను విశ్వేశ్వరయ్యగారు, 1912 నుంచి 1918 దాకా. ఆయన పుట్టిన ముద్దేనహళ్లి నంది కొండ దగ్గరే. వాళ్ల పెద్దలు మోక్షగుండం నుంచి వచ్చినవాళ్లు. మనలాగే వచ్చి స్థిరపడిన ఇల్లు.

ఈ బండి పోయిన ఊర్లన్నీ ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ వినిపించే ఊర్లు. తెలుగులోనూ కన్నడలోనూ కీర్తనలు చెప్పిన నారాయణ తాతయ్య కైవారం చింతామణి పక్కనే. శిడ్లఘట్ట అంటే పట్టుగూళ్ల సంత, చింతామణి అంటే చింతపండు.

అయితే పుట్టుకలోనే ఒక లోపం ఉంది. బంగారుపేట దగ్గర పెద్ద గేజ్, యలహంక దగ్గర గుంతకల్లు వైపు పోయే మీటర్ గేజ్, మధ్యలో మనది. మూడు కొలతలు. చింతామణిలో ఎక్కించిన చింతపండు మూట మద్రాసు చేరాలంటే బంగారుపేటలో చిన్న పెట్టెలోంచి దించి పెద్ద పెట్టెలో ఎక్కించాలి. దానికి కూలి, దానికి ఆలస్యం. లారీ వచ్చినాక అంగడి గుమ్మం ముందర ఎక్కిస్తే నేరుగా మండీలోనే దించొచ్చు. రైలుకి మూట ఎవరిస్తారు?

1992లో దేశమంతా ఒకే గేజ్ ఉండాలని యూనిగేజ్ పథకం మొదలైంది. యలహంక వైపు, కోలారు వైపు ముక్కలు ముక్కలుగా పెద్ద పట్టాలు పడినాయి. కోలారు-బంగారుపేట మధ్య కొన్నేళ్లు రైలుబస్సు నడిచింది. అందరికన్నా ఆఖరుకి కోలారు-చిక్కబళ్లాపురం ముక్క 2013లో పెద్ద గేజ్‌తో తెరిచినారు. బార్శీ, పర్లాకిమిడి కథా ఇంతే. పర్లాకిమిడిలో 2004లో చిన్న బండి ఆగింది, కొన్నేళ్లకి పెద్ద బండి వచ్చింది.

కొండకి ఒక న్యాయం

మావోడి బాధ ఇక్కడే. డార్జిలింగ్ 1999లో యునెస్కో పట్టీలో చేరింది, నీలగిరి 2005లో, కాల్కా-సిమ్లా 2008లో. కాల్కా-సిమ్లాది కూడా సరిగ్గా మా బండి కొలతే, 762. 'అదే గేజ్ కదా మామా, దానికి గౌరవం, మనదానికి తుక్కు ధర. ఎందుకు?' అని అడిగినాడు.

నాకు తోచిన జవాబు చెప్పినాను. కొండ రైలు ఎక్కేవాడు కిటికీలోంచి చూడడానికి ఎక్కుతాడు. నిదానంగా పోతే వాడికి ఇంకా సంతోషం. మైదానం బండి ఎక్కేవాడికి కోర్టు వాయిదా ఉంటుంది, సంత ఉంటుంది, ఆస్పత్రి ఉంటుంది.

వాడు ఒప్పుకోలేదు. పెద్దవ్వని అడుగుతానన్నాడు.

పెద్దవ్వ అంటే మా అమ్మవాళ్లమ్మ. ఎనభై ఆరేళ్లు. పుట్టింది శ్రీనివాసపురం, ఇచ్చింది చింతామణికి. చిన్న బండిలోనే అత్తగారింటికి వచ్చింది. మా ఇంట్లో ఆ బండి ఎక్కినవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. వాడికి తెలుగు తడబాటు, ఆమెకి ఇంగ్లీషు రాదు, కన్నడ సంత మందం వస్తుంది. ఇన్నాళ్లూ ఇద్దరికీ 'అన్నం తిన్నావా' దాటి మాటే లేదు.

'అవ్వా, బండి పోయిందని నీకు బాధ లేదా?' అన్నాడు.

'బాధేంది నాయనా? మీ అమ్మమ్మ నా కడుపులో ఉన్నప్పుడు రాత్రి నొప్పులొచ్చినాయి. కోలారు పెద్దాస్పత్రికి పోవాల. బండి కోసం కూచోనుంటే మీ అమ్మమ్మా లేదు, మీ అమ్మా లేదు, నువ్వూ లేవు. ఎవరిదో లారీలో పోతిమి' అంది.

వాడి మొహం చిన్నబోయింది. నేను కూడా అక్కడితో అయిపోయిందనుకున్నా. కాసేపాగి ఆమే మొదలుపెట్టింది. బండి నిదానంగా ఎక్కేచోట మొగపిల్లోళ్లు దిగి పక్కన నడిచేవాళ్లంట. ఇంజను పక్క పెట్టెలో కూచుంటే తెల్లచీరకి నిప్పురవ్వలు పడి బొక్కలు పడేవంట, అందుకే పెళ్లిచీర మడిచి మూటలో పెట్టుకుని పాతచీర కట్టుకుని ఎక్కేవాళ్లంట. ఆ రోజు గంటన్నర మాట్లాడింది. వాడు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. అర్థం కాని మాటలకి నన్ను అర్థం అడిగినాడు. రవ్వ అంటే ఉప్మారవ్వ అనుకున్నాడు, పాపం.

అట్ట రైలు

ఇప్పుడు వాడు నంది హాల్ట్ నమూనా కడుతున్నాడు. కొలత 1:87. ఆ లెక్కలో 762 మిల్లీమీటర్లంటే 8.76. బజారులో దొరికే చిన్న బొమ్మ రైళ్ల పట్టా వెడల్పు 9 మిల్లీమీటర్లు, కాబట్టి అదే వాడుకోవచ్చు, పెట్టెలు మాత్రం 1:87లో చేసుకోవాలి. లోకమంతా న్యారో గేజ్ నమూనాలు చేసేవాళ్ల ఉపాయం ఇదే. లెక్క నేను కూడా వేసి చూసినాను, సరిపోయింది. కొన్నది ఆ పట్టా ఒక్కటే. మిగతాదంతా పెళ్లిపత్రికల అట్ట, ఫెవికాల్, అగరబత్తి పుల్లలు.

చూడ్డానికి అసలు స్టేషను ఇంకా ఉండడం మా అదృష్టం. దొడ్డజాల, దేవనహళ్లి, ఆవతిహళ్లి, నంది హాల్ట్ స్టేషన్ల పాత కట్టడాలు నూరేళ్లు దాటినా నిలబడినాయి. ఇన్‌టాక్ బెంగళూరు విభాగం రైల్వేవాళ్లతో కలిసి వాటిని బాగుచేసే పని పెట్టుకుంది. వేల్స్ దేశంలో 1951లో తాలిలిన్ అనే చిన్న రైలుని మామూలు జనమే చేతులు కలిపి నిలబెట్టుకున్నారు, లోకంలో అట్లాంటిది అదే మొదలు. మనం బండిని నిలుపుకోలేదు, గోడలైనా నిలిచినాయి.

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కొత్త వెర్షన్ పెట్టేముందు పాతది ఏమేం చేసేదో రాసి పెట్టుకుంటాం. రాయకపోతే ఏది పోయిందో కూడా తెలియదు. పెద్ద గేజ్ రావడం తప్పని నేననను, అవ్వ మాట విన్నాక అసలు అనలేను. ఈ రోజు చింతామణి నుంచి బెంగళూరుకి మూట దించకుండా పోవచ్చు, అది మంచిదే. కానీ పాత బండి ఏం చేసేదో, దాన్లో మనవాళ్లు ఎట్లా పోయేవాళ్లో ఎవరూ రాయలేదు. ఇంజను అయితే మ్యూజియంలో పెడతారు. పెళ్లిచీర మూటలో పెట్టుకున్న సంగతి ఎక్కడ పెడతారు?

పోయిన ఆదివారం అవ్వకి నమూనా చూపించినాడు. కళ్లద్దాలు పెట్టుకుని చానాసేపు చూసింది. 'అంతా బాగుంది గానీ, మనుషులేరీ? ఈ బండి ఎప్పుడన్నా ఇంత ఖాళీగా పోయిందేమిరా?' అంది. ఇప్పుడు వాడు మనుషుల్ని చేస్తున్నాడు. తలమీద మూటతో ఒకామె అయింది.

మీ ఇంట్లో బార్శీ బండో, పర్లాకిమిడి బండో, మా కోలారు బండో ఎక్కినవాళ్లు ఇంకా ఉంటే, ఈ వారమే పక్కన కూచుని మూడు మాటలడగండి: ఎక్కడ ఎక్కినారు, ఏం మోసుకుపోయినారు, ఎవరు ఎదురొచ్చినారు. పిల్లోళ్లని పక్కన కూచోబెట్టుకోండి. తెలుగు సరిగ్గా రాకపోయినా పర్వాలేదు, వింటే వస్తుంది.