హార్మోన్లకు పగ్గం వేసిన సూదిమందు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు నెలసరి నొప్పికి ఓ మాత్ర మింగి మళ్లీ ఆకు కత్తిరిస్తారు. నొప్పి ఏళ్ల తరబడి వదలకపోతే, పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీయించుకోమంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురైతే, తెలంగాణలో ఎనిమిది మంది. ఆ కోతకు ముందు తెలుసుకోవలసిన మందు ఒకటుంది: లూప్రోలైడ్. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు ఎండోమెట్రియోసిస్‌తో మెలికలు తిరిగే తల్లికీ, ఎనిమిదేళ్లు నిండకుండానే యుక్తవయసు లక్షణాలతో ఎదిగిపోతున్న పాపకూ ఇచ్చేది ఇదే.

దీని పుట్టుక పందుల మెదళ్లలో ఉంది. మెదడు అడుగునున్న హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి ఆజ్ఞ వెళ్తేనే అండాశయాలు పనిచేస్తాయి. ఆ ఆజ్ఞ మోసే పదార్థం కోసం అమెరికాలో ఇద్దరు ఏళ్ల తరబడి పోటీపడ్డారు. పోలండ్‌లో పుట్టిన ఆండ్రూ షాలీ పందుల మెదళ్లు తెప్పించాడు, ఫ్రాన్స్‌లో పుట్టిన రోజర్ గియ్‌మాన్ గొర్రెలవి. దాదాపు 1,60,000 పందుల హైపోథాలమస్‌లను వడగడితే షాలీకి దక్కింది ఒక మిల్లీగ్రాము కూడా లేదు. 1971లో ఆయన బృందం దాని నిర్మాణం తేల్చింది. పది అమైనో ఆమ్లాల గొలుసు, అంతే. 1977లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఆజ్ఞ మోసే ఈ హార్మోనుకు బలమైన నకళ్లు చేస్తే సంతానం లేనివాళ్లకు మేలవుతుందని అందరూ ఆశపడ్డారు. జపాన్‌లోని టకేడా కంపెనీ గొలుసులో ఒకటి రెండు మార్పులు చేసి లూప్రోలైడ్ తయారుచేసింది. తీరా వాడి చూస్తే అండాశయాలు చురుకెక్కడం పోయి నిద్రపోయాయి. ఎందుకో పిట్స్‌బర్గ్‌లో ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం కోతులపై తేల్చి 1978లో ప్రకటించింది. హార్మోనును గంటకోసారి కొంచెం కొంచెంగా ఇస్తే పిట్యూటరీ పలుకుతుంది. ఆపకుండా ఎక్కిస్తే కొన్నాళ్లకు పలకడం మానేస్తుంది. రోజంతా తలుపు కొడుతుంటే ఇంట్లోవాళ్లు లేచి రావడం మానేసినట్టు. నా దృష్టిలో ఈ కథకంతటికీ కీలకం ఆ ప్రయోగమే. పనికిరాదనుకున్న గుణమే అక్కడ మందయింది.

1981లో అమెరికా పరిశోధకులు ఇలాంటి నకలునే వేళకు ముందే ఎదుగుతున్న ఐదుగురు ఆడపిల్లలకు ఇచ్చి చూశారు. ఆ ముందస్తు ఎదుగుదల ఆగింది. మందు ఆపాక మళ్లీ మొదలైంది. ఆ మరుసటేడే ఎండోమెట్రియోసిస్ మీదా పరీక్షించారు. అమెరికాలో లూప్రోలైడ్‌కు 1985లో ప్రొస్టేట్ క్యాన్సర్‌కు, 1990లో ఎండోమెట్రియోసిస్‌కు, 1993లో పిల్లలకు అనుమతి వచ్చింది. నెలకో సూది చాలడానికి కారణం మందును పొదిగిన సన్నటి రేణువులు. ఆపరేషన్ తర్వాత ఒంట్లోనే కరిగిపోయే కుట్టుదారం ఏ రకం పాలిమర్‌తో చేస్తారో వీటినీ దాంతోనే చేస్తారు.

ఎండోమెట్రియోసిస్‌కు ఈ సూది వాడితే మొదటి వారాల్లో నొప్పి, రక్తస్రావం పెరగొచ్చు. తర్వాత ఒంట్లో ఆవిర్లు వస్తాయి, ఎముకలు పలచబడతాయి. అందుకే ఈ జబ్బుకు సాధారణంగా ఆరు నెలలకు మించి ఈ మందు ఒక్కటే ఇవ్వరు, పొడిగిస్తే తోడుగా కొద్దిపాటి హార్మోను మాత్రలిస్తారు. ఇది జబ్బును మాన్పదు, ఆపేస్తే నొప్పి తిరిగి రావొచ్చు. ఖర్చూ తక్కువ కాదు. అయితే గర్భసంచి తీసినంత మాత్రాన కూడా ఎండోమెట్రియోసిస్ పోతుందన్న హామీ లేదు. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే ఎముకల అరుగుదల చిన్న వయసులోనే మొదలవుతుంది.

పాప ఎనిమిది నిండకుండానే ఎదుగుతుంటే పెద్దమనిషి అయ్యేదాకా ఆగకండి. డాక్టర్లు ఎడమచేతి ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు, రక్తపరీక్ష చేయిస్తారు, అవసరమైతే మెదడు స్కానింగ్ రాస్తారు. సూది అందరికీ అక్కర్లేదు. జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. గర్భసంచి ఆపరేషన్‌కు సంతకం పెట్టే ముందు అక్కడో, మరో చోటో ఇంకో డాక్టర్‌ను కలవండి. నా నొప్పి ఎండోమెట్రియోసిస్ వల్లా, దీనికి మందులేమున్నాయి అని నోరు తెరిచి అడగండి.